నగలు అడిగాను, సున్నం డబ్బి అడగలేదు

మెదక్‌లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. చర్చి కాంపౌండులో మావాళ్ళకు నేను సుగుణమ్మను. బజారులో, బస్టాండులో, రేగోడ్ పోయే బస్సులో మాత్రం "బొక్కల మేడం"ను. మా దగ్గర ఎముకను బొక్క అంటారు. మొదట్లో ఆ పేరు వింటే మొహం ముడుచుకునేదాన్ని. తర్వాత్తర్వాత, నేను కూరగాయలు కొంటుంటే "బొక్కల మేడానికి మంచియి ఏరియ్యి" అని వెనకనుంచి ఎవరైనా అంటే లోలోపల పొంగిపోయేదాన్ని. ఇప్పటికీ అంతే. దాచుకోవడం ఎందుకు?

ఈమధ్య మా చర్చిలో ఒక అమ్మాయి రేడియోగ్రఫీ డిప్లొమాలో చేరానని చెప్పింది. ఎలా ఉందమ్మా చదువు అంటే, "ఏమున్నది ఆంటీ అండ్ల, బటన్ నొక్కుడే కదా" అంది. ఆ పిల్లకు అక్కడే నాలుగు అంటించాలనిపించింది కానీ ప్రార్థన మొదలైంది. ఇంటికొచ్చాక కోపం తగ్గలేదు. కాబట్టి ఇది రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, జీతం ఎంత పెరిగింది, ఏ సర్టిఫికెట్ వచ్చింది అనేవి ఇందులో ఉండవు. బటన్ నొక్కే ముందు ఏముంటుందో, నొక్కాక ఏమవుతుందో ఉంటుంది.

తలుపు నుంచి బల్ల దాకా

నాకు పని నేర్పింది మొయిజ్ సాబ్. తొంభైల మొదట్లో నేను ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో చేరేనాటికి ఆయన అక్కడ పాతకాపు. అప్పుడు కంప్యూటర్లు లేవు. చీకటి గదిలో ఎర్ర బల్బు కింద ఫిల్మును తొట్టిలో ముంచి, కడిగి, బట్టలు ఆరేసినట్టు క్లిప్పులకు తగిలించేవాళ్ళం. చేతులకు పట్టిన మందు వాసన అన్నం తినేటప్పుడు కూడా వదిలేది కాదు.

ఒకరోజు ఒక ముసలామె గోడ పట్టుకుని లోపలికి వస్తోంది. నేను యంత్రం సర్దుకుంటూ అటువైపు చూడలేదు. ఆయన నా భుజం తట్టాడు.

"అమ్మా, మిషిన్ ఏడికి పోతలేదు. పేషెంటును సూడు. దర్వాజ కాడికెళ్లి బల్ల దాకా మనిషి నడిచొస్తది గద, గా నడకలనే సగం ఎక్స్‌రే అయిపోతది."

"మిగతా సగం?" అని అడిగాను, కొంచెం కొంటెగానే.

"మిగతా సగం ఆమె నోట్లె ఉంటది. జర ఇను."

బల్లకూ ఫిల్ముకూ ఆయన లెక్కలో వాటానే లేదు. అప్పుడు నవ్వుకున్నాను. ఆయనే ముసలివాళ్ళ ఫిల్ములు బల్బుకు అడ్డం పెట్టి చూసి, "ఈ అవ్వ బొక్కలు జాలీ అయినయ్" అని నిట్టూర్చేవాడు. జాలీ అంటే వల. ఎముకలో సత్తువ చాలావరకు కరిగిపోతే తప్ప మామూలు ఎక్స్‌రేలో ఆ పలుచదనం కనబడదు. కనబడేటప్పటికి చాలామందికి ఏదో ఒకటి విరిగే ఉండేది. విరగకముందే తెలుసుకునే దారి అప్పట్లో మా ఊళ్ళో లేదు.

ఆడవాళ్ళు నిద్రపోయే యంత్రం

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఊరు మారింది. మెయిన్ రోడ్డు మీద ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు, రంగురంగుల బోర్డులు వచ్చాయి. క్యాల్షియం మాత్రల వాళ్ళు మడమ పెట్టి చూసే చిన్న యంత్రంతో ఊరూరా ఉచిత క్యాంపులు పెట్టారు. అలాంటి క్యాంపులు రెండుమూడు చూశాను. ఎముకలు గట్టిగా ఉన్నాయని ఒక్కరికైనా చెప్పగా నేను వినలేదు. అందరి చేతిలో ఒకే మాత్రల డబ్బా. పరీక్షకు ముందే జవాబు రాసిపెట్టుకున్నచోట నిలబడవద్దని కొత్తగా వచ్చేవాళ్ళకు నా సలహా. జీతం రెండింతలు ఇస్తామన్నా సరే.

డాక్టర్ విఠల్ గారు అలా కాదు. ఎముకల డాక్టరు. నోరు కటువు, చేయి మెత్తన. హైదరాబాదులో ఎవరో వాడి మార్చేసిన ఎముకల సాంద్రత యంత్రాన్ని తెచ్చి తన ఆసుపత్రిలో పెట్టి, దాని మీద పనికి నన్ను పిలిచారు. చుట్టుపక్కల ఎక్కడా అలాంటిది లేదు. అటు నిజాంపేట, ఇటు శంకరంపేట నుంచి కూడా వచ్చేవాళ్ళు.

అది ఒక పొడుగాటి మంచం. పేషెంటు వెల్లకిలా పడుకుంటే పైన ఒక చేయి మెల్లగా కదులుతూ నడుము దగ్గరి నాలుగు వెన్నుపూసలనూ, తుంటినీ చూస్తుంది. ఛాతీ ఎక్స్‌రేకన్నా తక్కువ కిరణాలు. నొప్పి లేదు, సూది లేదు. చేయవలసిందల్లా కదలకుండా పడుకోవడం. సగం మంది ఆడవాళ్ళు నిద్రపోయేవాళ్ళు. పట్టపగలు పది నిమిషాలు నడుం వాల్చే భాగ్యం వాళ్ళకు అక్కడే దొరికేది. అయిపోయాక లేపాలంటే నాకు మనసొప్పేది కాదు.

పరీక్ష అయ్యాక తెర మీద రెండు వస్తాయి. ఒకటి ఎముకల బొమ్మ, రెండోది అంకె. మంచి వయసులోని ఎముకతో పోల్చితే ఈ ఎముక ఎంత తగ్గిందో ఆ అంకె చెబుతుంది. మైనస్ రెండున్నర కిందికి పోతే ఎముక గుల్లబారిందని లెక్క. అంకె వేగంగా చదవొచ్చు. బొమ్మ చూడాలంటే ఆగాలి. నా కథంతా ఈ రెంటి మధ్యనే ఉంది.

సాయమ్మ

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూవాడా రోడ్ల మీదికొచ్చిన ఏళ్ళవి. ఆ ఏడు వానలు పడగానే డాక్టరు గారు ఒకరోజు ఉచితంగా పరీక్షలు పెట్టారు. పొద్దున ఎనిమిదింటికే మెట్ల దాకా వరస. ఒక్కొక్కరికి వెన్నూ తుంటీ రెండూ తీస్తే సాయంత్రానికి సగం మందే అవుతారని, ఆ రోజు వెన్ను ఒక్కటే తీద్దామని నేనే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. అది మొదటి తప్పు.

శంకరంపేట దగ్గర పల్లె నుంచి వచ్చిన సాయమ్మకు అరవై ఉంటాయి. సన్నగా, నల్లగా, చురుగ్గా ఉంది. గదిలోకి రావడమే మాట్లాడుతూ వచ్చింది.

"బిడ్డా, నడుం గుంజుతున్నది. నాట్లు మొదలైతున్నయ్. దిగాల్నా వద్దా, గదొక్కటి చెప్పు. మా గుంపుకు ముందట నిలబడేది నేనే. నేను పాట ఎత్తితెనే నాటు నడుస్తది."

"పడుకో అవ్వా, చూద్దాం."

"ఇంకొకటి బిడ్డా. గీ చీరె చూడు, నా బిడ్డ పెండ్లి నాటిది. ఇప్పుడు కట్టుకుంటె కింద నేలకు రాస్తున్నది. చీరె పన్న పెరుగుతదా ఏంది?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. "ఉతికి ఉతికి సాగిందేమో" అన్నాను.

నవ్వకుండా ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే తెలిసేది. చీర వెడల్పు పెరగదు. మనిషే తగ్గుతుంది. గుల్లబారిన వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి అణిగిపోతే ఎత్తు తగ్గుతుంది, పాత చీర నేలకు తాకుతుంది. సగం ఎక్స్‌రే పేషెంటు నోట్లోనే ఉంటుందని మొయిజ్ సాబ్ చెప్పాడు కదా. ఆమె తన నోటితో రిపోర్టు చదివి వినిపించింది. నేను వినలేదు. రెండో తప్పు.

"వంటి మీద బంగారం, వెండి ఏమున్నా తీసెయ్ అవ్వా" అన్నాను. కమ్మలు తీసింది, ముక్కుపుల్ల తీసింది, కాళ్ళ కడియాలు తంటాలుపడి లాగింది. అక్కర్లేదన్నా వినకుండా మట్టెలు కూడా తీసి కొంగున కట్టుకుంది. అంత నిజాయితీ మనిషి. పడుకుంది. యంత్రం తిరిగింది. అంకె వచ్చింది, మంచి అంకె. ఆ వయసుకు చాలా మంచి అంకె. నేను బొమ్మ వైపు చూశానో లేదో గుర్తులేదు. గుర్తులేదంటే చూడలేదనే అర్థం.

"నీ బొక్కలు గట్టిగున్నయ్ అవ్వా. ధైర్యంగా దిగు" అన్నాను. ఆమె రెండు చేతులూ నా తల మీద పెట్టి దీవించి పోయింది. ఆ దీవెన ఇప్పటికీ నెత్తి మీద బరువుగా ఉంటుంది.

గుండ్రటి మచ్చ

రెండు వారాలు కూడా కాలేదు. ఆ రోజు రాస్తారోకో. శంకరంపేట నుంచి వచ్చే రోడ్డు మీద జనం పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. సాయమ్మను ఆటోలో పడుకోబెట్టుకుని కొడుకు మల్లేశం వచ్చాడు. ఆమె మూలుగు విని, వండుతున్న ఆడవాళ్ళే ఉడుకుతున్న అన్నం గుండిగలు దించి, పొయ్యిరాళ్ళు జరిపి ఆటోకు తోవ ఇచ్చారట. ఆ సంగతి మల్లేశం చెబుతుంటే ఆటో డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు.

నారు కట్టలు నెత్తిన పెట్టుకుని గెట్టు మీద నడుస్తూ జారిపడింది. పడింది మెత్తటి బురదలోనే. అయినా తుంటి విరిగింది. ఎక్స్‌రే నేనే తీశాను. తీస్తున్నంతసేపూ ఆమె మొహం చూడలేకపోయాను.

మల్లేశం ప్లాస్టిక్ కవరులోంచి మా రిపోర్టు తీసి డాక్టరు గారి ముందు పెట్టాడు. "గట్టిగున్నయని మీరే రాసిచ్చిండ్రు గద సార్. మరి బురదల పడ్తె ఎట్ల ఇరిగింది?"

డాక్టరు గారు రిపోర్టు చేతిలోకి తీసుకున్నారు. నన్ను లోపలికి పిలిచి పాత బొమ్మ తెరవమన్నారు. తెర మీద నాలుగు వెన్నుపూసలు. మూడోదాని మీద తెల్లటి మచ్చ ఉంది, గుండ్రంగా, అంచులు గీసినట్టు.

"యంత్రం పాతది కదా సార్" అన్నాను. ఈ వాక్యం రాయకుండా వదిలేద్దామనుకున్నాను. కానీ అన్నాను.

"యంత్రం ఉన్నదే తీసింది సుగుణా. బొక్క ఎన్నడన్న గింత గుండ్రంగ పెరుగుతదా?" అన్నారాయన. మూడో పూసను పక్కన పెట్టి మిగిలిన మూడింటికి లెక్క కట్టించారు. అంకె మైనస్ రెండున్నరను దాటి ఇంకా కిందికి పోయింది. మొయిజ్ సాబ్ మాటలో చెప్పాలంటే, జాలీ.

"ఆమెకు ఎవరు చెప్తరు సార్?"

"ఎవరు తీసిండ్రో వాళ్లే చెప్తరు."

వార్డులోకి పోయి మంచం పక్కన నిలబడ్డాను. "అవ్వా, పరీక్ష నాడు నీ నడుముల ఏమన్న ఉండెనా?"

ఆమె మెల్లగా బొడ్లోకి చేయి పోనిచ్చి చిన్న గుడ్డసంచి తీసింది. అందులో రెండు వక్కలు, వాడిన తమలపాకు, అరిగి మెరుస్తున్న గుండ్రటి ఇత్తడి సున్నం డబ్బి.

"గిది ఎప్పుడుంటది బిడ్డా. నా పెండ్లి కాడికెళ్లి గీడ్నే ఉన్నది."

"ఆ దినం తీయలేదా?"

"నువ్వు నగలు అడిగినవు, తీసిన. గిది నగనా?"

మా పల్లెల్లో ఏ పెద్దవయసు ఆడమనిషి బొడ్లో చూసినా ఆ సంచి ఉంటుంది. మా అమ్మమ్మ బొడ్లోనూ ఉండేది. చిన్నప్పుడు నేనే అందులోంచి వక్కలు దొంగిలించాను. అలాంటి నాకే అడగాలని తోచలేదు. చదువుకున్న పుస్తకంలో నగలు అని రాసి ఉంది, నగలు అడిగాను. సాయమ్మ వెన్ను సాంద్రతకు బదులు ఇత్తడి సాంద్రత కొలిచి, మడిలోకి దిగమని పంపాను.

అదంతా ఆమెకు చెప్పాను. మల్లేశం లేచాడు. "జీతం దీసుకుంటలేవా నువ్వు? నీ తల్లైతే గిట్లనే చేస్తుంటివా?" అన్నాడు. తల దించుకుని ఆ మాటలు పడ్డాను. అతని మాటలో ఒక్కటీ అన్యాయం లేదు.

సాయమ్మ అతన్ని చేత్తో ఆపి నన్ను ఒక్కటే అడిగింది. "గట్లైతే నేనింక నాటుకు దిగుడు లేదా?"

"లేదవ్వా."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. ఆపరేషన్ మా దగ్గరే జరిగింది, బాగా జరిగింది. కానీ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఆ సున్నం డబ్బి అడిగి తీసుకుని యంత్రం మీద పెట్టి చూశాను. అదే మచ్చ. నాలుగో రోజు డబ్బి తిరిగి ఇచ్చాను. ఆమె మూత తీసి, ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి మడిచి, తను వేసుకోకుండా నా ముందుకు చాపింది. నాకు పాన్ అలవాటు లేదు. తీసుకుని నమిలాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడుస్తున్నవా?" అంటే "సున్నం మండింది అవ్వా" అన్నాను.

ఆమె కర్రతో నడిచింది. మళ్ళీ మడిలోకి దిగలేదు. వేరే ఎవరో పాట ఎత్తారు. ఈ మాటను నేను తేలిక చేసి రాయను.

పళ్ళెం

ఆ తర్వాత నేను నగల మాట ఎత్తడం మానేశాను. మంచం పక్కన స్టూలు వేసి, దాని మీద వెడల్పాటి స్టీలు పళ్ళెం పెట్టాను. "బొడ్లె ఏమున్నా అండ్ల పెట్టుండ్రి, ఖాళీగ పండుండ్రి." అంతే. ఆ పళ్ళెంలోకి ఏమేమి వచ్చాయో చెబితే నమ్మరు. సున్నం డబ్బీలు సరేసరి. తాళంచెవులు, తాయెత్తులు, పిన్నీసుల గుత్తులు, వరికొయ్యడానికి వేళ్ళకు తొడుక్కునే రేకులు, ఒకామెకైతే మనవడి పాల పన్ను పెట్టిన వెండి భరిణె. వెనక బొందెలుండే గౌను వేసుకోమంటే మా ఆడవాళ్ళు సచ్చినా వేసుకోరు. మా వీధి దర్జీ చేత ముందువైపు ముడేసుకునే మెత్తటి లంగాలు, రవికెలు కుట్టించాను. ఒక్క గుండీ, ఒక్క కొక్కెం లేకుండా. డాక్టరు గారు వాటిని చూసి, "నీ పేరు మీద కంపెనీ పెట్టొచ్చు" అన్నారు. ఆయన నోటినుంచి నాకు దొరికిన మెచ్చుకోలు అదొక్కటే, నాకది చాలు.

ఇంకొకటి. మంచం ఎక్కకముందు అందరినీ ఒక్క ప్రశ్న అడిగేదాన్ని. "మీ పాత చీరె నేలకు తాకుతున్నదా?" అవునన్నవాళ్ళకు వెన్నూ తుంటీ రెండూ, వరస ఎంత పొడవున్నా. ఆ ప్రశ్నను డాక్టరు గారు మా పరీక్ష కాగితంలో మొదటి గడిలో అచ్చు వేయించారు. అది ఏ పుస్తకంలోనూ లేదు. సాయమ్మ చెప్పింది, నేను ఆలస్యంగా విన్నాను. దానివల్ల విరగకుండా మిగిలిన తుంట్లు ఎన్నో నాకు తెలియదు. విరగనివాళ్ళు వచ్చి చెప్పరు కదా. వాళ్ళు బజారులో నడుస్తూ కనబడతారు, అంతే. అలా ఎవరైనా ఎదురైతే నేను గర్వంగా చూస్తాను. వాళ్ళకు ఎందుకో తెలియదు.

ఆఖరి రోజు

రాష్ట్రం వచ్చిన మరుసటేడు నేను పని మానుకున్నాను. చివరి రోజు పొద్దున్నే మెట్ల కింద గోల. చూస్తే రెండు ఆటోల నిండా ఆడవాళ్ళు, ముందు కర్ర పట్టుకుని సాయమ్మ. తన నాటు గుంపును తీసుకొచ్చింది. అప్పటికి ఆమె ఇలా రావడం మూడోసారో నాలుగోసారో.

గది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. "బొడ్లెవి తియ్యిండ్రి. తాయెత్తు గూడ తియ్యాలె, దేవుడు ఏమనుకోడు. నీ చీరె నేలకు రాస్తున్నదా? సచ్చెం చెప్పు. సిగ్గెందుకే, నాది గూడ రాసింది." ఆ రోజు నేను నిజంగానే బటన్ నొక్కడం తప్ప ఏమీ చేయలేదు.

మధ్యాహ్నానికి అందరిదీ అయింది. నేను యంత్రానికి గుడ్డ కప్పబోతుంటే సాయమ్మ నన్ను కిందినుంచి పైకి చూసింది.

"మేడం, నీ చీరె గూడ రాస్తున్నది."

"చెప్పులు మార్చిన అవ్వా, ఎత్తు తక్కువయి" అన్నాను. ఏడాదిగా నేను కుచ్చిళ్ళు కాస్త ఎక్కువ దోపుకుంటున్నానని అప్పుడే నాకు తట్టింది.

"ఎన్నడన్న పండినవా గీ బల్ల మీద?"

పండలేదు. ఇన్నేళ్ళలో ఇంతమందిని పడుకోబెట్టాను కానీ నేను ఒక్కసారీ పడుకోలేదు. అప్పుడే లోపలికి వచ్చిన డాక్టరు గారికి సంగతి అర్థమైంది. "పండు సుగుణా, నేను తీస్త" అని కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. దర్జీ కుట్టిన లంగా కట్టుకుని మంచం ఎక్కబోయాను. సాయమ్మ కర్ర అడ్డం పెట్టి పళ్ళెం చాపింది.

"బొడ్లె ఏమున్నది?"

ఎక్స్‌రే గది తాళాలు. ఎన్నో ఏళ్ళుగా నడుముకే ఉన్నాయి, లంగా మార్చుకున్నప్పుడు కూడా చేయి తనంతట తనే తీసి మళ్ళీ అక్కడే దోపింది. ఊరందరినీ అడిగినదాన్ని, నన్ను నేను అడగలేదు. తాళాలు తీసి పళ్ళెంలో వేశాను. గదిలో అందరూ నవ్వారు, అందరికన్నా ఎక్కువ నేనే నవ్వాను.

యంత్రం చేయి నా మీదుగా మెల్లగా పోయింది. పది నిమిషాలయ్యాక డాక్టరు గారు తెర నావైపు తిప్పారు. అంకెను అరచేత్తో మూసి పట్టుకున్నారు. "ముందుగాల బొమ్మ చూడు."

నాలుగు వెన్నుపూసలూ చూశాను. ఎక్కడా మచ్చ లేదు. నాలుగూ పలచగానే ఉన్నాయి. ఎముకలు గట్టిపడేందుకు వారానికొక మాత్ర పరగడుపున వేసుకుని, అరగంట వంగకుండా నిటారుగా కూర్చోవడం ఆ వారం నుంచే మొదలుపెట్టాను. ఇప్పటిదాకా ఏదీ విరగలేదు.

"మంచిగొచ్చిందా ఫోటో?" అని అడిగింది సాయమ్మ.

"మంచిగొచ్చింది అవ్వా. ఉన్నదున్నట్టు వచ్చింది."

ఆమె తృప్తిగా తలూపి పళ్ళెంలోంచి తాళాలు తీసింది. నా చేతికి ఇవ్వబోయి ఆగింది. అది నా ఆఖరి రోజని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. కర్ర ఊతంతో రెండడుగులు వేసి, వాటిని డాక్టరు గారి చేతిలో పెట్టింది.